కొటేషన్‌లో కనిపించని బోర్డు

పల్నాడులో చాలా డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు ఇంకా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. దానికి ఇంటెల్ నాలుగో జనరేషన్ ఐ3 ప్రాసెసరే ఎక్కువ. అయినా 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిశాక పాత సిస్టమ్ ఉన్నవాళ్లను ఒకటే ప్రశ్న తొలుస్తోంది: విండోస్ 11కి మారడానికి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలదా?

చాలదు.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు సాకెట్. 2013లో వచ్చిన నాలుగో జనరేషన్‌ది 1150 సాకెట్. అందులో పట్టే ఐ7ను సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి బిగించినా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో జనరేషన్ నుంచే దానికి అర్హత. అంటే బోర్డు మార్చాలి. బోర్డు మారితే పాత డీడీఆర్3 ర్యామూ పక్కకు పోతుంది.

పోనీ పిన్నుల సంఖ్య కలిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. 2015లో ఆరో జనరేషన్‌తో 1151 సాకెట్ వచ్చింది. 2017 జనవరిలో ఏడో జనరేషన్, దానికి కొత్త బోర్డులు వచ్చాయి. అదే అక్టోబరులో ఎనిమిదోది దిగింది. సాకెట్ పేరు అదే, పిన్నులూ అన్నే. పాత బోర్డులో పెడితే మాత్రం సిస్టమ్ ఆన్ కాదు! కరెంటు అందించే పిన్నుల అమరిక మార్చామంది ఇంటెల్. కానీ బోర్డులోని బయాస్ సాఫ్ట్‌వేర్‌ను సవరించి, కొన్ని పిన్నులను టేపుతో మూసి, ఔత్సాహికులు ఆ చిప్పులనే పాత బోర్డుల మీద నడిపి చూపించారు. ఏడాది నిండని బోర్డుకు దారి మూసేయడం కొన్నవాళ్లకు చేసిన అన్యాయమే.

ఏఎమ్‌డీ దారి కొంత మేలు. 2017లో కొన్న ఏఎమ్4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి, బయాస్ అప్‌డేట్ చేసుకుంటే, 2022 నాటి రైజెన్ 5800ఎక్స్3డీ కూడా పడుతుంది. అదీ ఊరికే దక్కలేదు. పాత బోర్డులకు రైజెన్ 5000 చిప్పుల సపోర్టు ఇవ్వబోమని ఆ కంపెనీ 2020 మేలో ప్రకటించి, వినియోగదారులు గట్టిగా నిలదీశాకే వెనక్కి తగ్గింది.

నరసరావుపేట ఇంజనీరింగ్ విద్యార్థి ఇప్పుడు కొత్త సిస్టమ్ కొంటే లెక్క వేరు. ఇంటెల్ 1700 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్4 వాడేవీ ఉన్నాయి కాబట్టి చవగ్గా తేలుతుంది. అయితే పద్నాలుగో జనరేషన్‌తో ఆ దారి ముగిసినట్టే. ఏఎమ్5 సాకెట్‌కు 2027 దాకా, ఆపైనా కొత్త చిప్పులిస్తామని ఏఎమ్‌డీ మాటిచ్చింది. దానికి డీడీఆర్5 తప్పనిసరి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ ఆ డిసెంబరులో ప్రకటించింది. నాలుగేళ్లు చదువు సాగాల్సిన పిల్లలకు, ఈ ధరల్లోనూ, ఏఎమ్5 వైపే మొగ్గు చూపడం మంచిది. డీటీపీ పనికైతే పాత బోర్డుకే ఎస్ఎస్‌డీ వేసి, నెట్ కనెక్షన్ తీసేస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుంది.

"ఐ5, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ" అని రాసిచ్చే కొటేషన్‌లో ఇంత ముఖ్యమైన బోర్డు మోడల్ పేరే ఉండదు. గుంటూరులో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, డబ్బు కట్టేముందు ఆ పేరు కాగితం మీద రాయించుకోవాలి.