మచ్చలు పోయాయా? అయితే అప్పుడే కంగారు పడండి

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దుండిగల్‌లో ఉప్పునీటి అక్వేరియం ఏంటని మా టీములో అందరూ నవ్వారు. నిజమే. బోరు నీళ్ళని ఆర్వోలో వడకట్టి, లీటరుకి 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి, 200 లీటర్ల తొట్టెలో నాకు నేనే సముద్రం తయారు చేసుకున్నాను. పైన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ విమానాల రొద, కింద రెండు క్లౌన్ చేపలు. ఏడాది హాయిగా గడిచింది. ఆ తరవాత నీలం టాంగ్ (అదేనండీ, డోరీ) కొన్నాను. తొట్టె దానికి చిన్నది, అది వేరే తప్పు.

ఐదో రోజు దాని రెక్కల మీద ఉప్పు రవ్వలు అంటినట్టు తెల్ల చుక్కలు. కొట్టతనికి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, ఒక సీసా ఇస్తా, పది చుక్కలు వేయండి" అన్నాడు. వేశాను. మూడు రోజుల్లో మచ్చలు మాయం! థాంక్స్ కూడా చెప్పాను. మనం టెస్ట్ చెయ్యకుండా 'క్లోజ్డ్' అని మార్చేసే బగ్గులు ఉంటాయి చూశారా, అలా.. రెండు వారాలకి మళ్ళీ వచ్చింది. ఈసారి అన్నిటికీ. నాలుగో రోజు పొద్దున టాంగ్ రాళ్ళ సందులో పడి ఉంది.

మా నాన్నకి ఆకివీడు దగ్గర చేపల చెరువుంది. ఈ గోలంతా చెబితే, "పేను చేప మీద ఉందా లేదా అని చూస్తే ఎలారా? అది గుడ్లు కర్రల మీద పెడుతుంది. మేం చెరువులో వెదురు కర్రలు పాతి, గుడ్లు పట్టాక పీకి ఎండలో పడేస్తాం. నీ తొట్టెలో కర్రలేవో చూసుకో" అన్నారు.

ఆయన చెప్పింది శీలావతికి పట్టే ఆర్గ్యులస్ గురించి, కంటికి కనిపించే పురుగు. నాది క్రిప్టోకారియాన్, ఏకకణ జీవి. కానీ లాజిక్ ఒకటే. ఇది చేప మీద ఉండేది 3 నుంచి 7 రోజులే. తరవాత రాలిపోయి రాళ్ళకీ ఇసుకకీ అంటుకుని గూడు కట్టుకుంటుంది. అందులోంచి వందల పిల్లలు ఈదుతూ వచ్చి మళ్ళీ చేపని పట్టుకుంటాయి. అంటే నా సీసా చేసిందేమీ లేదు, మచ్చలు వాటంతటవే రాలాయి!

రాగి మందు చంపేది కూడా ఆ ఈదే పిల్లల్నే. పైగా నత్తలనీ, రొయ్యలనీ, పగడాలనీ కూడా చంపుతుంది, కాబట్టి అసలు తొట్టెలో పొయ్యకూడదు. చేపల్ని వేరే టబ్బులోకి మార్చి, రాగి ఎంతుందో కిట్టుతో కొలుస్తూ ఉంచాలి. ఇక్కడ ఖాళీ తొట్టెలో చేప దొరక్క పురుగు చస్తుంది. కొన్ని గూళ్ళు 72 రోజులకి పగిలినట్టు నమోదైంది, అందుకే 76 రోజులు ఖాళీగా ఉంచమంటారు.

మంచి తిండి పెడితే చేపే తట్టుకుంటుంది, మందులెందుకు అనేవాళ్ళున్నారు. కొంత నిజమే, ఒకసారి బతికి బయటపడ్డ చేపకి కాస్త రోగనిరోధక శక్తి వస్తుంది. కానీ పురుగు తొట్టెలోనే ఉంటుంది, తరవాత తెచ్చే చేపకి ఆ శక్తి ఉండదు కదా. ఇంకో మాట, తెల్లగా కనిపించిందల్లా ఇదే కాదు. సన్నటి పిండి చల్లినట్టుండి, చేప ఆయాసపడుతుంటే అది వెల్వెట్ కావచ్చు. దానికి వారం ఆగి చూద్దాం అనే టైము ఉండదు. తెలుసుకోకుండా సీసాలు ఒంపడం మాత్రం వైద్యం కాదు.

అసలు నా కోపం నామీదే. 2009లో వెనామీ రొయ్యకి అనుమతిచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని నేరుగా హేచరీలకి పంపకుండా చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ చెయ్యాలన్నారు. ఆ సంగతి మా జిల్లాలో రొయ్యల రైతులందరికీ తెలుసు. స్టేజింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టినవాణ్ణి మీటింగులో కడిగేసే నేను, కొట్టునుంచి తెచ్చిన చేపని కవరు విప్పి తిన్నగా తొట్టెలో వదిలాను. ఆ స్టేజింగు ఖరీదెంతనుకున్నారు? 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టరు, దాక్కోడానికి నాలుగు పీవీసీ ముక్కలు. టాంగ్ రేటులో సగం కూడా కాలేదు.

క్లౌన్లు రెండూ టబ్బులో బానే ఉన్నాయి. తొట్టెలో లైట్లు వెలుగుతున్నాయి, పంపు తిరుగుతోంది, చేపలు లేవు. ఇవాళ్టికి 41వ రోజు. మా అక్క కొడుకు వీడియో కాల్లో "మామయ్యా, డోరీ ఏది?" అని అడుగుతున్నాడు, ఇంకా చెప్పలేదు.