కంఠకౌపీనానికి మారుగా బోలో తాడా?

మొన్న దసరాకు అరిజోనా నుండి వచ్చిన బాల్యమిత్రుడొకడు కామారెడ్డిలో నా చేతికొక చిన్న పెట్టె ఇచ్చినాడు. తెరిచి చూస్తే అల్లిన తోలుత్రాడు, రెండు కొసలకు వెండి తొడుగులు, నడుమ పైకీ కిందికీ జరిగే వెండి బిళ్ల, ఆ బిళ్లలో పొదిగిన ఫిరోజా రాయి. “టై బదులు గిది ఏసుకో రా. మెడకు గాలాడుతది. మన బడిపిల్లలకు గూడ ఆ లాస్టిక్ టైలు తీసేసి గిసొంటివే ఇయ్యాలె” అన్నాడు. బహుమతికి సంతోషించాను. ఆ చివరి మాటకు మాత్రం ఒప్పుకోలేకపోయాను. స్నేహితుని ముఖం మీద చెప్పలేనిది ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

నా వాదం క్లుప్తంగా ఇది. బోలో టై చక్కని వస్తువు, పెద్దవాడు తన ఇష్టంతో ధరిస్తే నెక్‌టై కంటె అన్నివిధాల మేలు. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లల మెడకు అది ప్రత్యామ్నాయం కాదు. ఎందుకంటే మన జబ్బు టై ఆకారంలో లేదు. టై ఉన్నవాడే చదువుకున్నవాడన్న నమ్మకంలో ఉన్నది.

ముందుగా బోలోకు దక్కవలసిన గౌరవం దానికి ఇద్దాం. అరిజోనాలోని వికెన్‌బర్గ్‌లో విక్టర్ సెడర్‌స్టాఫ్ అనే వెండిపనివాడు 1940లలో దీనికి రూపమిచ్చాడంటారు. గుర్రపుస్వారీలో టోపీ ఎగిరిపోతే, వెండి అంచున్న దాని పట్టీ పోగొట్టుకోకూడదని మెడలో వేసుకున్నాడనీ, అదే బాగుందని తోటివాళ్లు మెచ్చుకున్నారనీ కథ. 1959లో అతనికి పేటెంటు వచ్చింది. నవాహో, హోపీ, జూనీ తెగల వెండిపనివారు తమ రాళ్లతో, తమ నగిషీలతో దానిని తమదిగా చేసుకున్నారు. 1971లో అరిజోనా ప్రభుత్వం దానిని తన అధికారిక కంఠభూషణంగా ప్రకటించింది. తరువాత న్యూమెక్సికో, టెక్సాస్ కూడ ఆ దారి పట్టాయి. ఎండా దుమ్మూ ఉన్న తమ నేలకు, తమ చేతిపనికి తగిన లాంఛనమేదో వాళ్లు తామే నిర్ణయించుకున్నారు. ఇందులో నాకు నచ్చినది తాడు కాదు, ఆ నిర్ణయం.

ఇక మన దగ్గరకు వద్దాం. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి మోటారుసైకిలు మీద పోయే మెడికల్ రిప్రజెంటేటివును ఎప్పుడైనా గమనించారా? టై భుజం మీదుగా వెనక్కి ఎగురుతుంటుంది. కొందరు దానిని చొక్కా గుండీల మధ్య దోపుకుంటారు. డాక్టరు గది బయట నిలబడి, చెమట తుడుచుకొని, మళ్లీ బయటకు లాగి సవరించుకుంటారు. ఇతనికి బోలో నిజంగానే మేలు. గాలికి ఎగరదు, ముడి వేయనక్కరలేదు, బిళ్లను కాస్త కిందికి జరిపితే గొంతుకు ఊపిరాడుతుంది. మే నెలలో సూటు తొడుక్కొని ఫంక్షన్ హాలు వేదిక మీద మూడు గంటలు ఉడికిపోయే పెండ్లికొడుకుకూ అంతే. పెద్దల విషయంలో నా మిత్రుని మాట నెగ్గింది, ఒప్పుకుంటాను.

పిల్లల విషయం వేరు. తాడు తాడే. బోలో త్రాడు సాగదు, తెగదు, కొసలకు లోహపు మొనలుంటాయి. పరుగెత్తే, కిటికీలకు వేలాడే, ఒకరినొకరు మెడ పట్టి లాగే ఏడేళ్ల పిల్లవానికి అది తగిన వస్తువేనా? మనం తిట్టుకునే ఎలాస్టిక్ టై కనీసం లాగితే సాగుతుంది. గాలాడడం కోసం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమేమి తెలివి? వెండీ రాయీ తీసేసి ప్లాస్టిక్ బిళ్లతో చవకగా చేయిస్తారా, అప్పుడు బోలోలో మిగిలేదేమిటి? పైగా ఏ దుకాణంలో పడితే ఆ దుకాణంలో దొరకని వస్తువు కాబట్టి, బడిలోనే కొనాలనే మరో పద్దు ఫీజుల రసీదులో చేరుతుంది.

అసలు మన బడులకు టై ఎందుకు కావలసి వచ్చింది? మా చిన్నతనంలో ప్రతి ఫోటో స్టూడియోలోను అద్దం పక్కన మేకుకు ఒక కోటు, ముడి విప్పని ఒక టై వేలాడుతుండేవి. దరఖాస్తుకు ఫోటో దిగవచ్చిన ప్రతివాడూ ఆ టైనే తగిలించుకునేవాడు. పొలం నుండి వచ్చిన మా పెదనాన్న కొడుకూ దానితోనే దిగినాడు, నేనూ దానితోనే దిగినాను. ఒక్క క్షణం కెమెరా ముందు మనం మనం కాకుండా ఉండడానికి ఆ టై పనికివచ్చేది. కాన్వెంటు టై కూడ అదే స్టూడియో టై. తేడా ఏమంటే, దానిని పిల్లవాడు రోజంతా, పదేళ్లపాటు మోయాలి.

మార్చిలో ఎండలు ముదిరితే ఒంటిపూట బడులు పెడతాం. అంటే ఎండ ఉన్నదని ప్రభుత్వం, యాజమాన్యం, తల్లిదండ్రులు అందరూ ఒప్పుకున్నట్లే. బడి పూట సగానికి తగ్గుతుంది గాని టై మాత్రం అంగుళం తగ్గదు! న్యాయవాదుల నియమాలే నయం. 1975 నాటి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదు. నల్లకోటుకే సడలింపు ఉన్న దేశంలో ఒకటో తరగతి పిల్ల టైకి సడలింపు లేదు.

“టై ఉంటే క్రమశిక్షణ వస్తుంది” అనేవారున్నారు. టై లేని సర్కారు బడులలో చదివి కలెక్టర్లూ డాక్టర్లూ అయినవారిని ఏ లెక్కలో వేస్తారు? “యూనిఫారం సమానత్వం నేర్పుతుంది” అంటారు. నిజమే, ఒకే బడి గోడల లోపల. గేటు దాటి రోడ్డు మీదికి వస్తే అదే టై పిల్లలను రెండు కులాలుగా విడదీస్తుంది. 2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ సర్కారు బడులలో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. మీడియం రెండుచోట్లా ఒకటయ్యాక, దూరం నుండే కనబడే తేడా మెడ దగ్గర మిగిలింది. ఎల్లారెడ్డి బస్టాండులో ఒకే తల్లి చేయి పట్టుకొని నిలబడ్డ ఇద్దరు పిల్లలను చూశాను. కొడుకు మెడలో టై ఉన్నది, కూతురు మెడ ఖాళీ. ఆమె దగ్గరున్న డబ్బు ఒక్క టైకే సరిపోయిందని, అది ఎవరికి దక్కిందో కూడ ఆ మెడలే చెప్పాయి. ఇప్పుడు ఆ పిల్లవానికి టై తీసి బోలో వేస్తే ఆ చెల్లెలికి ఒరిగేదేమిటి?

బయటి ప్రపంచం టైకి ఎప్పుడో సెలవివ్వడం మొదలుపెట్టింది. 2005లో జపాను పర్యావరణ మంత్రి యురికో కొయికే వేసవిలో టైలు, కోట్లు విప్పి ఆఫీసులకు రమ్మన్నారు, కరెంటు ఆదా కోసం. రోగుల మీదికి వేలాడుతూ, అరుదుగా మాత్రమే ఉతుకుకు నోచుకునే టైని వైద్యం చేసేటప్పుడు కట్టవద్దని 2007లో బ్రిటను ఆరోగ్యశాఖ తన వైద్యులకు చెప్పింది. టైని మనకు అంటగట్టిన దేశమే ఆసుపత్రిలో దానిని విప్పేసింది. 2021 ఫిబ్రవరిలో న్యూజిలాండు పార్లమెంటు నుండి మావోరీ సభ్యుడు రవిరి వైటిటిని టై లేనందుకు బయటికి పంపారు. అతని మెడలో తన జాతి పచ్చరాతి పతకమున్నది. టైని వలసపాలన ఉరితాడుగా అతడు వర్ణించాడు. మరునాడే అక్కడ నియమం మారింది. గమనించండి, అతడు అరిజోనా బోలో అరువు తెచ్చుకోలేదు.

అరువు అనేదే అసలు చిక్కు. బోలో అరిజోనాలో ఆత్మగౌరవం, ఎల్లారెడ్డి బడిలో అదే బోలో మరొక వేషం. ఇంగ్లీషువాడి ముడి విప్పి అమెరికావాడి తాడు వేసుకోవడాన్ని పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు అనక ఏమనాలి? కరీంనగర్ వెండితీగ పనితో బిళ్ల చేయించి మనదిగా చేసుకుందామంటారా? పెద్దల కోసం తప్పక చేయించండి, నేనే మొదట కొంటాను. పిల్లల కోసం వద్దు. నిజాం కాలపు షేర్వానీని ముందుకు తెచ్చేవారికీ నా జవాబు అదే. మూసిన మెడకు టై అక్కరలేదన్నది నిజమే గాని, అదీ దర్బారు దుస్తే, మన ఎండకు అదీ బరువే.

మరి ప్రత్యామ్నాయం? టై చేసే పనులు మూడు. బడి గుర్తు చూపడం, మెడ మూయడం, గొప్ప చాటడం. బడి గుర్తుకు జేబు మీద కుట్టిన బ్యాడ్జి చాలు. మెడ మూయవలసిన అవసరం ఈ నేల మీద లేదు. గొప్ప చాటడం బడి పని కాదు. కనుక టైకి బదులుగా ఏదీ పెట్టనక్కరలేదు. పై గుండీ విప్పిన నూలు చొక్కా చాలు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రైవేటు బడుల యాజమాన్యాలకు నా మనవి ఒక్కటే. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఫీజు రసీదులో టై పద్దు కొట్టివేయండి. తల్లిదండ్రులు ఒప్పుకోరని సాకు చెప్పకండి, టై కావాలని వారిని నమ్మించినది మీరే. మిత్రుడిచ్చిన బోలో నా బల్ల మీదే ఉన్నది. ఏదైనా పెండ్లికి సరదాగా వేసుకుంటాను. వద్దనిపిస్తే తీసి పక్కన పెడతాను. ఆ పాటి స్వేచ్ఛ ఒకటో తరగతి పిల్లకు లేదు.