బాలల నవలలో తొలి ఇష్టం: సత్యబోధలోని అసత్యం

తెలుగు బాలసాహిత్యం పిల్లలకు అన్నిటికంటె ఎక్కువగా బోధించిన విలువ సత్యం. అదే సాహిత్యం దాదాపు మాట్లాడకుండా దాటవేసిన విషయం తొలి ఇష్టం. పన్నెండు పదమూడేళ్ళ వయసులో తోటి విద్యార్థి మీద కలిగే, పేరు పెట్టడానికి అలవికాని ఆ మమకారం బాలల నవలకు తగని వస్తువన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందనీ, ఆ మౌనమే మన సత్యబోధను డొల్లగా మారుస్తున్నదనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

మన పిల్లలకు సత్యమంటే హరిశ్చంద్రుడు. సత్యమంటే అనంతామాత్యుని భోజరాజీయంలోని ఆవు. దూడకు పాలిచ్చి, పులికిచ్చిన మాట కోసం తిరిగివచ్చిన ఆ గోవు కథ విలువను ఎవరూ కాదనలేరు. అయితే ఈ కథల్లో సత్యం ఒక ప్రతిజ్ఞ. మాట ముందే ఇచ్చి ఉన్నారు. దాన్ని నిలబెట్టుకోవడమే పరీక్ష. పిల్లల నిత్యజీవితంలో ఎదురయ్యే సత్యం వేరు. అక్కడ మాట ఇంకా పుట్టనే లేదు. మనసులో ఏముందో తనకే స్పష్టంగా తెలియదు. తెలిసి చెబితే తోటివారు నవ్వుతారు, ఇంట్లో కొడతారు, ఆడపిల్ల అయితే బడి మాన్పిస్తారు.

బుక్కపట్నంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలో చదివిన ఒక ఉపాధ్యాయురాలు పెనుకొండ దగ్గరో ధర్మవరం దగ్గరో ఒక బడిలో చేరిందనుకుందాం. ఏడో తరగతి పిల్లవాడి నోటుపుస్తకంలో ఒక చీటీ బయటపడింది. 'ఇది నేను రాయలేదు' అని వాడు అబద్ధమాడాడు. ఆమె వాడి చేతిలో పెట్టగల తెలుగు నవల ఏది? ఆవు కథ చెబితే వాడి తప్పు మరింత పెద్దదిగా కనిపిస్తుందే తప్ప, నిజం చెప్పే దారి కనిపించదు.

ప్రణయం బాలసాహిత్యానికి పరాయిదన్న వాదం నిలవదు. 1947లో మొదలైన చందమామ పుటల్లో ఎందరో సాహసవీరులు కథ చివర రాకుమారిని పెళ్ళాడారు. అటువంటి కథల్లో రాకుమారి సాధారణంగా ఒక బహుమానం. అర్ధరాజ్యంతో పాటు వచ్చేది. అతడు ఆమెకు నచ్చాడా అన్న ప్రశ్నకు అక్కడ చోటు తక్కువ. దాన్ని అనుచితమని మనమెప్పుడూ అనలేదు. అంటే మన అభ్యంతరం పెళ్ళి మీద కాదు, ఇష్టం మీద.

ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' ఈ విషయంలో ఒక తలుపు తెరిచింది. బాబాయికీ రెండుజెళ్ళ సీతకూ మధ్య నడిచే వ్యవహారాన్ని పెద్దలు దాచబోతే పిల్లవాడు బయటపెడతాడు. సీగాన పెసూనాంబతో అతని స్నేహం ఏ దాపరికమూ లేనిది. అయినా ఆ రచనను మనం ప్రధానంగా హాస్యంగానే చదివాం. పిల్లవాడి నిజాయితీ మనకు నవ్వు తెప్పించింది. దాన్ని గంభీరంగా తీసుకున్న బాలల నవలా సంప్రదాయం అక్కడినుంచి పెరగలేదు. నవలా ప్రక్రియే మనకు కొరవడిందనలేం. కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం మొదలైన 2010లోనే కలువకొలను సదానంద 'అడవి తల్లి' నవలకు ఆ గౌరవం దక్కింది. లోటు ప్రక్రియలో లేదు, వస్తువును ఎంచుకునే ధైర్యంలో ఉంది.

అనువాదాల్లో మాత్రం మనకు ఈ భయం ఉండదు. తెత్సుకో కురొయానగి రచన 'తొత్తోచాన్'ను 'రైలుబడి' పేరుతో తెలుగు పాఠకులు ఆదరించారు. ఆ జపాను పుస్తకంలో చిన్నపాప తనకిష్టమైన తాయ్‌చాన్ పెన్సిళ్ళు చెక్కి పెడుతుంది. కుస్తీ ఆటలో తనను పడదోసిందని అతడు ఆమెను ఎప్పటికీ పెళ్ళి చేసుకోనంటాడు. ఆమె బాధపడుతుంది, కారణం తెలుసుకుంటుంది, మరునాడు మళ్ళీ అతని పెన్సిళ్ళు చెక్కుతుంది. ఇష్టముంది, తిరస్కారముంది, ద్వేషం లేదు. దీన్ని చదివి మన పిల్లలెవరూ చెడిపోయారని మనం అనలేదు. జపాను పాపకు ఉండదగిన మనసు తెలుగు పాపకు ఉండరాదా?

'పసివాళ్ళకు ఇవన్నీ ఎందుకు' అన్నది తరచు వినిపించే అభ్యంతరం. ఈ సీమలోనే పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారు. శిథిలమైన రాజధాని దుఃఖాన్ని ఒక బాలుడు మోయగలడని సగర్వంగా చెప్పుకుంటాం. తోటి పిల్ల మీద ఇష్టాన్ని మోయలేడంటాం. 'చదివితే అనుకరిస్తారు' అన్నది రెండో అభ్యంతరం. నవల మౌనం వహిస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు. వద్దన్న అమ్మాయి వెంటపడడమే ప్రేమ అని నేర్పే సినిమాలు దాన్ని నింపుతాయి. 'లేదు' అన్న జవాబును గౌరవంగా స్వీకరించడం నేర్పగల ప్రక్రియను మనమే దూరం పెట్టుకుంటున్నాం.

ఇక అసలు వైరుధ్యం. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు పందిరి వేసి, ఫ్లెక్సీ కట్టి, ఆమె శరీరంలో వచ్చిన మార్పును వీధికంతటికీ చాటే సమాజం మనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతానికి పైగా పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయినవారు. పెళ్ళికి తగిన వయసని పెద్దలు తేల్చిన పిల్లకు, తనకెవరు ఇష్టమో చెప్పే వయసు రాలేదట! 'నాకిష్టం లేదు' అనగలిగే పిల్ల మొదట 'నాకిష్టం' అనే మాటను ఎక్కడో ఒకచోట చదివి ఉండాలి.

కాబట్టి బాలల నవలను అంచనా వేసే ప్రమాణాలలో ఒకటి మారాలి. పాత్ర ఎంత గొప్ప సత్యవ్రతం పాటించిందన్నది కాక, తన మనసు గురించి ఎంత చిన్న నిజాన్ని ఎంత కష్టపడి చెప్పిందన్నది చూడాలి. కథ పెళ్ళితోనో శిక్షతోనో ముగియనక్కరలేదు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు ఈ వస్తువును పరిశోధనకు స్వీకరించాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఇటువంటి నవలల పఠనానికి చోటు కల్పించాలి. అప్పుడు ఆ ఏడో తరగతి పిల్లవాడు 'అవును, నేనే రాశాను' అనగలుగుతాడు. ఆ మాట విని కొట్టకుండా ఉండగల టీచరు కూడా అతనికి దొరుకుతుంది.