ఇప్పుడేం చేస్తున్నవ్?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తీయకముందే గేటు దగ్గర సంచుల వరుస. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి లోపల కుర్చీ కోసం. మా రూమ్మేటు ఆరేళ్లుగా ఆ వరుసలోనే ఉన్నాడు. పోయిన ఎండాకాలం సొంత చెల్లెలి పెళ్లికి సరిగ్గా తలంబ్రాల వేళకు వెళ్లి, విస్తరి ముందు కూర్చోకుండానే రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. ఎందుకురా అంటే, "బంతిలో కూసుంటే పక్కోడు అడుగుతడన్నా, ఇప్పుడేం చేస్తున్నవ్ అని" అన్నాడు.

బిడియస్తుడంటూ నవ్వేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఊళ్లో వాలీబాల్ జట్టుకు కెప్టెన్ వాడు! స్టేజీ ఎక్కితే దిగేవాడు కాదట. ఇప్పుడు టీకొట్టు దగ్గర తెలిసిన మొహం కనబడితే సందు మారుస్తాడు.

తాను కావాలనుకున్నదానికీ ఉన్నదానికీ మధ్య దూరం మనిషిని కుంగదీస్తుందనీ, తాను కాక తప్పదనుకున్నదానికీ ఉన్నదానికీ మధ్య దూరం భయపెడుతుందనీ అమెరికా మనస్తత్వవేత్త టోరీ హిగ్గిన్స్ 1987లోనే రాశాడు. అశోక్‌నగర్‌లోని మా హాస్టల్ గదిలో ఆ రెండూ ఒకే మంచం మీద పడుకుంటాయి. ఒకటి ఆఫీసరు కల, ఇంకొకటి వడ్డీకి తెచ్చి పంపే నాన్న.

ఆ దూరం పెంచిందెవరు? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాయించారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు అదీ కొట్టేసింది. మావాడు మాత్రం రెండుసార్లూ తానే తప్పినట్టు తిరిగాడు. తప్పు ఎవరిదైనా ఊళ్లో అడిగేది వాణ్నే కదా!

2023 అక్టోబరులో ఇక్కడి హాస్టల్లో ఒక అమ్మాయి ప్రాణం పోతే, పరీక్షల వాయిదానా, ప్రేమ వ్యవహారమా అని పార్టీలు వాదులాడుకున్నాయి. ఒక్క కారణం తేలితే చాలు, అవతలివాళ్లు చేతులు దులుపుకోవచ్చు. మనసు కుంగడానికి ఒక్క కారణమే ఉంటుందని వీళ్లకెవరు చెప్పారు?

నారాయణగూడ నుంచి ఇటు నడిస్తే ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు కట్టిన ర్యాంకర్ల ఫొటోల ఫ్లెక్సీలే. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడేందుకు కేంద్రం 2022లో టెలిమానస్ పెట్టింది. 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు నా కళ్లకు ఒక్క గోడ మీదా కనబడలేదు. ఫీజు కట్టేటప్పుడు ఆధార్ జిరాక్సు దాకా అడిగిన కోచింగ్ వాళ్లకు, పదిరోజులుగా క్లాసుకు రాని పిల్లవాడు ఏమయ్యాడో అక్కర్లేదు.

నిన్న వాడి ఫోన్ మోగింది. 'అమ్మ' అని వెలుగుతోంది. ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "క్లాసుల ఉన్న" అని మెసేజ్ పెట్టాడు. అప్పటికి రాత్రి పదయింది.