పాత ఇంటి చలికి ఏ ఇంధనం?

సిమ్లా దాటి రోహ్రూ వైపు వెళ్లినా, కుల్లూ లోయ పక్క గ్రామాల్లోకి వెళ్లినా కాఠ్‌కుణి ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. ఒక వరుస దేవదారు దూలం, దాని మీద ఒక వరుస రాయి, మళ్లీ దూలం. మధ్యలో సున్నం గాని సిమెంటు గాని ఉండదు. పైన పలకరాళ్ల కప్పు. భూకంపాలకు తట్టుకునే కట్టడాలుగా వీటికి మంచి పేరుంది. చలికి తట్టుకోవడం మాత్రం అందులో ఉండేవారి పని. శీతకాలం ముంచుకొచ్చే ముందు ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ నడుస్తుంది: ఈసారి కట్టెలా, గ్యాసా, కరెంటా?

ఈ చర్చ ఎక్కువగా ధర దగ్గర మొదలై ధర దగ్గరే ముగుస్తుంది. కిలో కట్టె ఎంత, బండ ఎంత, యూనిట్ ఎంత అని. ఇల్లు ఆ వేడిని ఎంతసేపు నిలుపుకుంటుందన్న ప్రశ్న ఎవరూ వేయరు. నిజానికి లెక్క మొదలుపెట్టాల్సింది అక్కడే.

పాత ఇంటిని కట్టినవారికి ఈ సంగతి తెలుసు. కింది అంతస్తు పశువులకు, పై అంతస్తు మనుషులకు. ఒక్కో పశువు ఒంటి నుంచి కొన్ని వందల వాట్ల వేడి వస్తుంది. నాలుగు పశువులుంటే రాత్రంతా ఒక హీటరు వెలుగుతున్నట్టే. తల వంచి వెళ్లాల్సిన గుమ్మాలు, చేతికి అందే పైకప్పు, చిన్న కిటికీలు అన్నీ ఆ వేడిని కాపాడటానికే. తర్వాత పశువులు వేరే కొట్టంలోకి మారాయి. ఇది ఆరోగ్యానికి మంచిదే. కానీ ఇల్లు తన హీటరును పోగొట్టుకుంది, దాని బదులు ఏం పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. కొందరు కిటికీలు పెద్దవి చేసి ఒంటి పొర అద్దాలు బిగించారు.

నాలుగు మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్లకు కాస్త పైన ఎత్తు ఉన్న గదిలో సుమారు 35 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. తలుపు సందుల నుంచి, చెక్కల మధ్య నుంచి ఆ గాలి గంటకు మూడుసార్లు మారిపోతే, బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, గంటకు దాదాపు అర యూనిట్ వేడి ఊరికే పోతుంది. పలకరాళ్ల కప్పు కింద ఒక్క చెక్క పొర మాత్రమే ఉంటే పైనుంచి మరో అర యూనిట్ పైగానే పోతుంది. ఏ ఇంధనం కొన్నా అందులో పెద్ద వాటా ఆకాశానికే. అటక మీద నాలుగంగుళాల మందాన రాతి ఉన్ని గాని గొర్రె ఉన్ని గాని పరిస్తే కప్పు గుండా పోయే వేడి నాలుగో వంతుకు, ఇంకా తక్కువకు కూడా పడిపోతుంది. పొగగొట్టం చుట్టూ మాత్రం తగినంత ఖాళీ వదలాలి. చెక్క ఇంట్లో ఆ జాగ్రత్త లేకపోతే మిగతా లెక్కలన్నీ బూడిదే.

ఇక ఇంధనాల మాట. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్‌నే అన్నిటికీ కొలతగా తీసుకుంటే పోల్చడం తేలిక.

బాగా ఎండిన కట్టెలోనూ ఐదో వంతు నీరు ఉంటుంది. అలాంటి కిలో కట్టె మండితే సుమారు 4 యూనిట్ల వేడి వస్తుంది. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చవుతుంది. కిలోకు మిగిలేది 2 యూనిట్ల పైచిలుకు. మంట చల్లబడి పొగ ఎక్కువవుతుంది, గొట్టంలో తారులాంటి మసి పేరుకుంటుంది, ఏదో ఒక రోజు ఆ మసే అంటుకుంటుంది. సిమ్లా పై ప్రాంతాల్లో తందూర్ అని పిలిచే రేకు పొయ్యి గది మధ్యలో ఉండి, పొగను గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. అది సగం వేడిని గదికి ఇస్తుందనుకుందాం. కిలో కట్టె 10 రూపాయలైతే ఎండు కట్టెతో యూనిట్ వేడి 5 రూపాయలకు, పచ్చి కట్టెతో 9 రూపాయలకు పడుతుంది. చవక అనుకుని పచ్చి కట్టె కొనేవారు బరువు లెక్కన నీళ్లు కొంటున్నారు.

14.2 కిలోల గ్యాస్ బండలో సుమారు 180 యూనిట్ల వేడి ఉంది. బండ 900 రూపాయలు అనుకుంటే యూనిట్ 5 రూపాయలే. రోజుకు 12 యూనిట్లు వాడితే బండ 15 రోజులు వస్తుంది. చూడటానికి బాగానే ఉంది. అయితే గొట్టం లేని గ్యాస్ హీటర్లు తమ పొగను గదిలోకే వదులుతాయి. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైన నీటి ఆవిరి పుడుతుంది. ఒక బండ అయిపోయేసరికి 22 లీటర్ల నీరు గాలిలో కలుస్తుందన్నమాట. అది చల్లటి గోడ మీద, దూలాల సందుల్లో చేరి చెమ్మగా మారుతుంది, బూజు పడుతుంది. వందేళ్లు నిలిచిన దేవదారును లోపలి నుంచి పుచ్చిపోయేలా చేయడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. గోడలకు బయట సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

తేమ ఇంటికి ప్రమాదమైతే, కార్బన్ మోనాక్సైడ్ మనిషికి ప్రమాదం. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బొగ్గు నిప్పుల్లో పొగ కనిపించదు కాబట్టి జనం వాటిని సురక్షితం అనుకుంటారు. పొగ ఉంటే కనీసం కళ్లు మండి మెలకువ వస్తుంది. తలుపులు బిగించి కుంపటి పక్కన పడుకున్నవారు తెల్లారేసరికి లేవని వార్తలు ప్రతి శీతకాలం ఉత్తరాది నుంచి వస్తూనే ఉంటాయి. లంబసింగి చలికి గదిలో కుంపటి పెట్టుకునే పర్యాటకులకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. కిరోసిన్ సంగతి చెప్పాలంటే, ఇళ్లలో దాని వాడకం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. ఇక్కడ సర్దుబాటుకు చోటు లేదు: గొట్టం లేని మంట ఏదైనా నిద్రపోయే గదిలో ఉండకూడదు. సందులు మూసే కొద్దీ ఈ నియమం మరింత కఠినంగా పాటించాలి. పొయ్యికి కావలసిన గాలి బయటి నుంచి వచ్చేలా ఒక చిన్న దారి వదలాలి.

కరెంటు రాడ్ హీటరు యూనిట్‌కు యూనిటే ఇస్తుంది. హీట్ పంపు దారి వేరు. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక్కి తోసినట్టు, ఇది బయటి చల్లటి గాలిలోని వేడిని పిండి గదిలోకి తెస్తుంది. వేడి చేసే సౌకర్యం ఉన్న ఇన్వర్టర్ ఏసీ కూడా ఇదే పని చేస్తుంది. చలి ఓ మోస్తరుగా ఉన్నప్పుడు ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి వస్తుంది; చలి ముదిరితే అది రెండు వైపు జారుతుంది. కరెంటు 6 రూపాయలనుకున్నా వేడి 2, 3 రూపాయలకే. ఈ లెక్కలో దీనికి పోటీ లేదు.

అయినా దీన్ని కళ్లు మూసుకుని మెచ్చుకోవడం సరికాదు. మంచు పడ్డ రాత్రి చెట్టు విరిగి తీగ మీద పడితే రెండు రోజులు కరెంటుండదు. హిమాచల్‌లో జలవిద్యుత్తు ఎక్కువే గాని, చలికాలంలో నదులు సన్నబడతాయి. సరిగ్గా వేడి కావలసిన నెలల్లో ఆ రాష్ట్రం బయటి నుంచి కరెంటు తెచ్చుకుంటుంది. దేశ గ్రిడ్ సగటున యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ లెక్కన రాడ్ హీటరు గ్యాస్ కంటే మూడు రెట్లు ఎక్కువ కాలుష్యం చేస్తుంది. హీట్ పంపు గ్యాస్‌తో సమానంగా నిలుస్తుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగే కొద్దీ ఈ లెక్క మెరుగవుతుంది.

అందుకే పాత ఇంటికి ఒకే ఇంధనం అన్న పట్టుదల అక్కర్లేదు. రోజువారీ వేడికి ఒక్క గదిలో హీట్ పంపు, కరెంటు పోయిన రాత్రికి గొట్టం ఉన్న తందూర్, దానికి ఎండు కట్టె, గ్యాస్ వంటకు. రెండిటికీ ముందు అటక మీద ఉన్ని.

ప్రభుత్వాల లెక్క ఇలా లేదు. 2016 మే 1న మొదలైన ఉజ్వల పథకం వంటింటి పొగను తగ్గించడానికి వచ్చింది, ఆ మేరకు మంచిదే. కొండ ఇంట్లో పొయ్యి వంటతో పాటు గదినీ వేడి చేస్తుందన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. గ్యాస్ వచ్చాక కూడా శీతకాలంలో ఆడవాళ్లు కట్టెల మోపులు మోస్తున్నారంటే అది వారి మొండితనం వల్ల కాదు. బండ చలి తీర్చదు. బండకు ఇచ్చే రాయితీలో కొంత భాగమైనా ఇంటి కప్పుకు ఇవ్వాలి. రాయితీ బండ పదిహేను రోజుల్లో అయిపోతుంది, ఉన్ని పొర ఏళ్ల తరబడి పనిచేస్తుంది. లద్దాఖ్‌లో కట్టె దొరకదు కాబట్టి ఈ పాఠం ముందే నేర్చుకున్నారు: దక్షిణం వైపు అద్దం, దాని వెనక పగటి ఎండను దాచుకునే మందపాటి గోడ. లేహ్ దగ్గర ఫే గ్రామంలోని సెక్మోల్ విద్యా ప్రాంగణం ఈ పద్ధతితోనే గడ్డకట్టే చలిని ఎదుర్కొంటోంది. సిమ్లా కొండల్లోనూ శీతకాలపు ఎండ తక్కువేం కాదు.

ఈ శరదృతువులో కొట్టిన కట్టె ఎండటానికి ఏడాది పడుతుంది, కాబట్టి అది వచ్చే చలికాలం సంగతి. అటక మీద ఉన్ని పరచడం మాత్రం రెండు రోజుల పని.