సాలువా బడియు, ఇంటిభాషా గణనము

చిన్న ఉన్నత పాఠశాలను ఉత్తీర్ణుల శాతముతో కొలుచుట మనకు వాడుక. ఇరువదిమంది పరీక్షకు కూర్చున్నచోట ఒక్కని అపజయమే ఐదు శాతమగును. అంతటి స్వల్పసంఖ్యపై తీర్పు చెప్పుట సాహసము. అంతకంటె పెద్ద చిక్కు, ఆ పిల్లల ఇంటిభాష ఫలితపట్టికలో కానరాకుండుట.

ఖరగ్‌పూర్ పొలిమేరనున్న సాలువా దీనికి మంచి నిదర్శనము. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళమువలన అచట నేపాలీ కుటుంబములు నిలచినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారమునకై ఉత్తరాంధ్రమునుండి తరలిపోయినవారి సంతతి ప్రక్క పట్టణమున నున్నది. చుట్టును వంగభాష, హిందీ. ఇట్టిచోట తెలుగు బాలుడు హిందీ మాధ్యమమున చేరినచో, పదియవ తరగతి మాధ్యమిక్ పరీక్షలో అతని ప్రథమభాష సాధారణముగా హిందీయే యగును. ఆ పిమ్మట అతడు తెలుగువాడని ఏ పట్టికయు చెప్పదు. పశ్చిమబెంగాల్ బోర్డు ప్రథమభాషలలో తెలుగు కలదు. 2020లో రాష్ట్రప్రభుత్వము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకును నిర్ణయించినది. ఆ హక్కును వినియోగించుకొనవలసిన బాలుడు మాత్రము లెక్కకు రాడు.

యుడైస్ ప్లస్ నమోదులో ప్రతి విద్యార్థి మాతృభాషకు గడి యున్నది. గుమాస్తా దానిని తల్లిదండ్రుల నడిగి నింపునా, మాధ్యమమును చూచి నింపునా? నా దృష్టిలో పరిశోధన మొదలు కావలసినది ఇచటనే. మాండలిక సామగ్రికై శ్రీకాకుళము పల్లెలకు పోవు మన పరిశోధకులు ఈ గణనమును తమ పని కాదనరాదు. మార్కులను ఇంటిభాషతో జోడించి చూచిననే, బాలుడు గణితమున తప్పెనో, గణితము చెప్పిన భాషలో తప్పెనో తేలును. నేపాలీ శాఖవారు తోడైనచో సాలువాలోనే ప్రారంభింపవచ్చును.