ఒకే తారీఖున పోయిన రెండు బ్యాంకులు, ఉడుపిలో ఒక హాజీ సాబ్ ఇల్లు

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు తెలుగువాళ్లు బాధపడ్డారు. నేనూ పడ్డాను. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అది. బోర్డు మీద నుంచి ఆ పేరు పోతే గుండె కలుక్కుమనడంలో తప్పు లేదు. ఆ కోపం జాయజ్.

కానీ అదే తారీఖున, అదే యూనియన్ బ్యాంకులో ఇంకో బ్యాంకు కూడా కలిసిపోయింది. కార్పొరేషన్ బ్యాంకు. దాని జనాజాకు మనలో ఎవరూ వెళ్లలేదు. అది పెట్టిందెవరో అడిగి చూడండి. "మంగళూరు వాళ్లు" అంటారు. కాస్త తెలిసినవాళ్లు "ఉడుపి" అంటారు. మనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

ఆయన పేరు ఖాన్ బహదూర్ హాజీ అబ్దుల్లా హాజీ కాసిం సాహెబ్.

1906లో ఉడుపికి రైలు లేదు. కృష్ణమఠం ఉన్న చిన్న ఊరు. మన బందరులాగే మద్రాసు ప్రెసిడెన్సీలోది, దక్షిణ కెనరా జిల్లా. ఆ ఊళ్లో మార్చి 12న హాజీ సాబ్, ఆయన సాథీలు కలిసి కెనరా బ్యాంకింగ్ కార్పొరేషన్ మొదలుపెట్టారు. మూలధనం 5000 రూపాయలు. మొదటి రోజు సాయంత్రం లెక్క చూసుకుంటే 38 రూపాయల 13 అణాల 2 పైలు. కులం, మజహబ్ తేడా లేకుండా జనానికి పొదుపు అలవాటు చేయాలన్నది వాళ్ల మక్సద్. అదే పెరిగి పెరిగి కార్పొరేషన్ బ్యాంకు అయింది. 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వం జాతీయం చేసిన ఆరు బ్యాంకుల్లో ఇదీ ఉంది, ఆంధ్రా బ్యాంకూ ఉంది. అంటే ఒకే రోజు సర్కారు చేతికి వచ్చాయి, ఒకే రోజు పేరు పోగొట్టుకున్నాయి.

బ్యాంకు పుట్టింది హాజీ సాబ్ ఇంట్లోనే. ఆ ఇంటిని తర్వాత బ్యాంకు వాళ్లు హెరిటేజ్ మ్యూజియం చేశారు. పాత నాణేలు పెట్టారు. ఉడుపి సర్కారు ప్రసూతి ఆసుపత్రి మీద కూడా ఆయన పేరుంది. ఆ స్థలం ఆయన ఇచ్చిందే.

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా తారీఖ్ కితాబులో అక్బర్ ఉన్నాడు, షాజహాన్ ఉన్నాడు. డిగ్రీ తెలుగులో చదివాను. అక్కడ పట్టాభి ఉన్నాడు. హాజీ సాబ్ మాత్రం రెండు చోట్లా లేడు. నా ఝగడా ఇక్కడే. ఈ దేశపు తారీఖ్‌లో ముసల్మాన్ అంటే తఖ్త్ మీద కూర్చున్న బాద్షా, లేదంటే రోడ్డు పక్కన పంక్చర్ వేసే గరీబు. మధ్యలో ఊరి కోసం బ్యాంకు పెట్టినవాడికి జాగా లేదు.

జాగా లేకపోతే ఏమవుతుంది? 1906కి సరిగ్గా నూరేళ్ల తర్వాత సచార్ కమిటీ రిపోర్టు వచ్చింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ఇలాఖాలను "నెగటివ్" అని గుర్తు పెట్టుకుని, అక్కడ అప్పులు సులువుగా ఇవ్వడం లేదని అందులో రాశారు. మొహల్లా పేరు చెప్పగానే దరఖాస్తు పక్కన పెట్టిన అనుభవం నాకూ ఉంది. జమ, బాకీ, వసూలు, రసీదు, జామీను... బ్యాంకులో పొద్దున లేస్తే పలికే ఈ మాటలు ఏ జబాన్ నుంచి వచ్చాయి? ఆ జబాన్ మాట్లాడేవాణ్ని కౌంటరు దగ్గర పరాయివాడిలా చూడటం ఎక్కడి ఇన్సాఫ్?

మనవాళ్లతో కూడా ఒక మాట. "సూద్ హరామ్ కదా భాయ్, బ్యాంకు పెట్టినోడి గురించి ఫఖర్ ఎందుకు?" అంటారు కొందరు. సూద్ మీద బహస్ వేరు, అది ఆలిమ్‌లు చేస్తారు. మీ జీతం ఏ ఖాతాలో పడుతుందో ఒకసారి చూసుకుని ఆ ప్రశ్న అడగండి. జరిగిన తారీఖ్‌ను ఫత్వాతో కొట్టేయలేం.

"డిపాజిట్లు భద్రమే, పేరుతో పనేముంది?" అనే అకౌంటెంట్ జవాబు ఇంకోటి. పేరుతో పని లేకపోతే, ముంబైలోని తన ప్రధాన కార్యాలయాన్ని 1921లో గాంధీజీ ప్రారంభించారని యూనియన్ బ్యాంకు గొప్పగా ఎందుకు చెప్పుకుంటుంది? చెప్పుకోవాలి, సంతోషం. అయితే ఇప్పుడు పట్టాభి కూడా, హాజీ సాబ్ కూడా వాళ్ల పూర్వీకులే. ఆస్తులు తీసుకున్నవాళ్లు యాద్గార్లను కూడా తీసుకోవాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఉడుపి ఇల్లు మ్యూజియంగానే ఉండాలి, అమానత్‌లా కాపాడాలి. దాన్ని అమ్మకూడదు, ఇంకో ఆఫీసుకు అప్పగించకూడదు. బందరుకూ అలాంటిది ఒకటి కావాలి, పాత లెడ్జర్లతో సహా. మన ఊళ్లలోని ప్రతి యూనియన్ బ్యాంకు శాఖలో మూడు పుట్టుకలూ రాసిన బోర్డు ఒకటి పెట్టాలి: ముంబై 1919, బందరు 1923, అన్నిటికంటే ముందుది ఉడుపి 1906. పెట్టినవాళ్ల పేర్లు పూర్తిగా రాయాలి, "హాజీ" కూడా వదలకుండా.

ఉడుపి వెళ్తే మఠం చూడండి, దోసె తినండి. తర్వాత దారి అడిగి ఆ ఇంటికి కూడా వెళ్లండి. పిల్లలను తీసుకెళ్లండి. 38 రూపాయల 13 అణాల 2 పైల లెక్క వాళ్లకు చెప్పండి.